గుర్రానికి జ్వరం వస్తే ఎద్దు లెక్కలు వేయకండి

ఒక కార్తీక మాసంలో మా చుక్క ఉలవ గుగ్గిళ్ల బుట్టలో మూతి పెట్టి, వాసన చూసి, తల తిప్పేసుకుంది. అంతకు ముందెప్పుడూ బుట్ట అడుగు నాకిగాని వదిలేది కాదు. నుదుట తెల్లచుక్క ఉన్న ఎర్ర గుర్రం అది. పెళ్లి ఊరేగింపులకు తీసుకెళ్లేవాళ్లం. ఊళ్లో గేదెలకు వైద్యం చేసే పెద్దాయన్ను పిలిచాను. ఆయన థర్మామీటరు పెట్టి, వెలుతురులో తిప్పి చూసి, “102 ఉందయ్యా. పశువుకు అది మామూలే, రేపటికి తింటుంది” అన్నారు. మర్నాడు నిజంగానే తిన్నది. నాలుగు రోజుల తరువాత మళ్లీ మానేసింది, మళ్లీ తిన్నది. నెల తిరిగేసరికి పొట్ట కింద నీరు చేరింది. వేలితో నొక్కితే గుంట అలాగే నిలిచిపోయేది. వెనక కాళ్లు వాచాయి, పక్కటెముకలు లెక్కపెట్టేలా బయటపడ్డాయి. అప్పుడు రక్తం పరీక్ష చేయిస్తే సర్రా అనే రక్తరోగమని తేలింది.

ఆ పెద్దాయన చెప్పినది ఎద్దు విషయంలో నిజమే. ఆవుకూ ఎద్దుకూ 102 డిగ్రీల ఫారెన్‌హీట్ ఆరోగ్యమైన ఒంటి వేడి కిందే లెక్క. గుర్రానికి మాత్రం 99 నుంచి 101.5 వరకే మామూలు. అంటే మా చుక్కకు ఆ రోజు జ్వరం ఉంది, దాన్ని చూసి కూడా మేము గుర్తుపట్టలేదు. ఒంగోలు గిత్తను నడక చూసి వెల కట్టగలవారు, నెల్లూరు గొర్రెను దూరం నుంచే పోల్చగలవారు మన రెండు జిల్లాల్లో ఊరికి పదిమంది ఉంటారు. గుర్రాలు తక్కువ కాబట్టి వాటి సంగతి తెలిసినవారూ తక్కువే. అందుకే పెళ్లిళ్లకో, సముద్రపు ఒడ్డున సవారీకో, ఇష్టం కొద్దీనో గుర్రాన్ని పెంచుకునేవారు కొన్ని పనులు స్వయంగా నేర్చుకోక తప్పదు. బాక్టీరియా వల్ల, పరాన్నజీవుల వల్ల గుర్రాలకు వచ్చే అంటురోగాల్లో మనకు ఎదురయ్యేవాటిని ఎలా పసిగట్టాలో, డాక్టరు వచ్చేలోపు ఏం చేయాలో, ఏం చేయకూడదో ఇక్కడ చెబుతున్నాను.

ముందు ఆరోగ్యంగా ఉన్నప్పుడు కొలవండి

ఒక డిజిటల్ థర్మామీటరు, ఒక నోటుపుస్తకం కొనండి. థర్మామీటరు చివర జానెడు దారం కట్టి, దారానికి బట్టలు ఆరేసే క్లిప్పు తగిలించండి. గుర్రం వెనక నిలబడవద్దు. ఎడమ తుంటికి ఆనుకుని, మీ భుజం దాని ఒంటికి తగిలేలా నిలబడండి. మెడ దగ్గర నుంచి చేత్తో రాస్తూ తోక దాకా రండి, మీరు ఎక్కడున్నారో దానికి తెలుస్తుంది. తోకను పక్కకు జరిపి, కొనకు కొబ్బరినూనె గానీ వాజిలిన్ గానీ రాసిన థర్మామీటరును మలద్వారంలోకి రెండంగుళాలు మెల్లగా పెట్టి, లోపలి గోడకు ఆనేలా కాస్త వాల్చండి. లద్దె మధ్యలో గుచ్చుకుంటే అంకె తప్పు వస్తుంది. క్లిప్పును తోక వెంట్రుకలకు పెట్టండి. గుర్రం కదిలినా థర్మామీటరు కింద పడదు, లోపలికీ పోదు.

ఎండెక్కక ముందు, మేత వేయక ముందు కొలవండి. ఊరేగింపు నుంచి వచ్చిన వెంటనే కొలిస్తే అలసట వేడే కనిపిస్తుంది. గంటన్నర నీడలో నిలబెట్టి అప్పుడు చూడండి. ఇలా వరుసగా పది రోజులు రాసుకుంటే మీ గుర్రానికి మామూలు అంకె ఏదో తెలుస్తుంది. మా చుక్కకు 99.8. ఆ అంకె తెలిస్తే 101.2 చూసినా అనుమానం వస్తుంది, తెలియకపోతే 102 చూసినా రాదు.

దానితో పాటు మరో మూడు చూడటం అలవాటు చేసుకోండి. దవడ ఎముక లోపలి అంచున వేళ్లు పెడితే నాడి దొరుకుతుంది. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44. డొక్క కదలిక చూసి శ్వాస లెక్కపెట్టండి, 8 నుంచి 16. పై పెదవి ఎత్తి చిగురును బొటనవేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటుకు రెండు సెకన్లలో గులాబీ రంగు తిరిగి రావాలి. చిగురు పాలిపోయినా, పసుపు తిరిగినా పుస్తకంలో రాయండి.

బరువు కూడా ఒకసారి కట్టి పెట్టుకోండి, మందు మోతాదుకు అదే ఆధారం. దర్జీ టేపుతో ముందు కాళ్ల వెనక ఛాతీ చుట్టూ కొలవండి. భుజం ముందు మొన నుంచి పిర్ర వెనక మొన దాకా పొడవు కొలవండి. ఛాతీ కొలతను దానితోనే హెచ్చవేసి, వచ్చినదాన్ని పొడవుతో హెచ్చవేసి, 11,880తో భాగించండి. కొలతలు సెంటీమీటర్లలో ఉంటే జవాబు కిలోల్లో వస్తుంది. ఛాతీ 150, పొడవు 140 ఉన్న చిన్న గుర్రం దాదాపు 265 కిలోలు. “చూస్తే నాలుగు వందలుంటుంది” అని చెప్పే కంటి అంచనాను నమ్మకండి.

జ్వరం ఉందని తేలాక

మొదటి పని మందు వేయడం కాదు, గుర్రాన్ని వేరు చేయడం. మరో గుర్రం ముక్కు దీని ముక్కుకు అందనంత దూరంలో కట్టేయండి. నీళ్ల బకెట్టు, దాణా బుట్ట, కళ్లెం, దువ్వెన విడిగా పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న గుర్రాల పని ముందు పూర్తి చేసి, జ్వరం ఉన్నదాని దగ్గరకు చివర వెళ్లండి.

తరువాత తల నుంచి తోక దాకా వరుసగా చూడండి. ముక్కు నుంచి ఏమి కారుతోంది, ఒక రంధ్రం నుంచా, రెండింటి నుంచా? దవడల మధ్య వాపు ఉందా? చర్మం మీద గడ్డలు వరుస కట్టాయా? పొట్ట కింద, కాళ్లలో నీరు ఉందా? మూత్రం ఏ రంగు? చెవుల్లో, తోక కింద పిడుదులున్నాయా? ఈ జవాబులు చేతిలో పెట్టుకుని పశువుల ఆసుపత్రికి గానీ, సంచార పశువైద్య వాహనం కోసం 1962కు గానీ ఫోను చేయండి. “గుర్రం నీరసంగా ఉంది” అని చెప్పడం వేరు, “మూడు రోజులుగా ఉదయం 103, దవడ కింద నిమ్మకాయంత గడ్డ” అని చెప్పడం వేరు. రెండో మాట విన్న డాక్టరు ఏ పరికరాలతో రావాలో ముందే ఆలోచించుకుంటారు.

దవడ కింద గడ్డ

జ్వరం, ముక్కు నుంచి చిక్కటి చీము, దవడల మధ్య వేడిగా నొప్పిగా ఉన్న వాపు కలిసి కనిపిస్తే స్ట్రాంగిల్స్ అనుమానించాలి. స్ట్రెప్టోకాకస్ ఈక్వి అనే బాక్టీరియా దీనికి కారణం. గొంతు వాచి శ్వాస బిగుసుకుపోతుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. పడుచు గుర్రాలకు ఎక్కువగా వస్తుంది. రోగం సోకిన 3 నుంచి 14 రోజుల్లో బయటపడుతుంది.

దీనిలో మనకు పనికొచ్చే సంగతి ఒకటుంది. జ్వరం మొదలైన ఒకటి రెండు రోజుల దాకా ఆ గుర్రం సాధారణంగా రోగాన్ని ఇతరులకు అంటించదు. కాబట్టి ఒక గుర్రానికి గడ్డ కనిపించగానే మిగతా అన్నింటికీ రోజుకు రెండు పూటలా జ్వరం చూడండి. వేడి పెరిగిన దాన్ని ఆ పూటే విడదీస్తే, అది చీము కార్చేనాటికి మిగతావాటికి దూరంగా ఉంటుంది. థర్మామీటరు ఒక్కటే గుర్రాల కొట్టం మొత్తాన్ని కాపాడే సందర్భం ఇది.

గడ్డను బ్లేడుతో కోయకండి. గోరువెచ్చని ఉప్పునీటి గుడ్డతో రోజుకు మూడు నాలుగు సార్లు కాపడం పెట్టండి. మెత్తబడి, పైన వెంట్రుకలు రాలి, పగలడానికి సిద్ధమైనప్పుడు డాక్టరు కోస్తారు. లోపల పండకముందు కోస్తే చీము వేరే దారి చూసుకుంటుంది. కారిన చీమును గుడ్డతో ఎత్తి కాల్చేయండి. ఆ బాక్టీరియా నీటి తొట్టిలో వారాల తరబడి బతుకుతుంది కాబట్టి తొట్టి కడిగి ఎండబెట్టండి. యాంటీబయాటిక్ వేయాలా వద్దా అన్నది డాక్టరుకే వదలండి. గడ్డ ఏర్పడిన తరువాత మొదలుపెడితే అది పక్వానికి రావడం ఆలస్యం కావచ్చు.

గడ్డ మానిందని వెంటనే ఊరేగింపుకు తీసుకెళ్లవద్దు. గుర్రానికి గొంతు వెనక రెండు గాలి సంచులుంటాయి. కోలుకున్న గుర్రాల్లో దాదాపు పదింట ఒకటి ఆ సంచుల్లో బాక్టీరియాను నెలల తరబడి దాచుకుని, పైకి నిగనిగలాడుతూ ఇతర గుర్రాలకు పంచుతుంది. వారం వారం చొప్పున మూడుసార్లు గొంతు లోపలి స్రావాన్ని పరీక్ష చేయించి, మూడుసార్లూ ఏమీ లేదని వస్తేనే మంద లోకి వదలండి. మూడు పరీక్షలూ చేయించుకోలేనివారు కనీసం ఆరు వారాలు ఆగండి.

ముక్కులో పుండు కనిపిస్తే చేయి పెట్టకండి

స్ట్రాంగిల్స్‌లాగే మొదలై ప్రాణాంతకమయ్యే రోగం మరొకటి ఉంది. దాని పేరు గ్లాండర్స్. బర్ఖోల్డేరియా మాలియై అనే బాక్టీరియా వల్ల వస్తుంది. జిగటగా, పసుపు పచ్చగా, ఒక్కోసారి రక్తపు చారలతో ముక్కు కారుతుంది. ముక్కు లోపలి గోడ మీద పుళ్లు, అవి మానిన చోట నక్షత్రంలాంటి మచ్చలు కనిపిస్తాయి. కాళ్ల లోపలి వైపు చర్మం కింద దారానికి పూసలు గుచ్చినట్టు గడ్డలు లేచి, పగిలి, తేనెలాంటి చీము కారుస్తాయి. గాడిదల్లో, కంచర గాడిదల్లో రోజుల్లో చంపేస్తుంది. గుర్రాల్లో నెలల తరబడి లోలోపల సాగుతుంది.

ఇది మనుషులకు అంటుతుంది, అంటితే ప్రాణం మీదికి వస్తుంది. కాబట్టి అనుమానం రాగానే ముక్కు తుడవడం, గడ్డ కడగడం ఆపేయండి. పిల్లలను దగ్గరకు రానీయకండి. తప్పనిసరిగా మేత వేయవలసి వస్తే రబ్బరు తొడుగులు, మాస్కు వేసుకుని, తరువాత సబ్బుతో మోచేతుల దాకా కడుక్కోండి. గుర్రాన్ని అక్కడి నుంచి కదిలించకండి, అమ్మకండి. 2009 నాటి జంతువుల అంటురోగాల నివారణ చట్టం కింద ఇది తప్పక తెలియజేయవలసిన రోగం. ప్రభుత్వ పశువైద్యుడు రక్తం తీసి, హర్యానాలోని హిసార్‌లో 1985లో ఏర్పడిన జాతీయ అశ్వ పరిశోధన కేంద్రానికి పంపే ఏర్పాటు చేస్తారు. రోగం ఖాయమైతే గుర్రాన్ని నొప్పి తెలియకుండా చంపి, సున్నం వేసి లోతుగా పాతిపెడతారు, యజమానికి పరిహారం ఇస్తారు. దీనికి టీకా లేదు, వైద్యం చేసి ఉంచుకునే వీలూ లేదు.

ఈ మాట రాయడం నాకు కష్టంగానే ఉంది. ఇంటి బిడ్డలా పెంచిన గుర్రాన్ని అప్పగించమంటే ఎవరికైనా చేయి వెనక్కే వస్తుంది. అయినా దాచిపెట్టిన ఒక్క గుర్రం వల్ల కొట్టంలోని మిగతా గుర్రాలు, వాటికి మేత వేసే కుర్రవాడు ప్రమాదంలో పడతారు. మన దేశంలో కొన్నేళ్లు కనిపించకుండా ఉన్న ఈ రోగం 2006 నుంచి మళ్లీ పలు రాష్ట్రాల్లో బయటపడింది. పుష్కర్ లాంటి సంతల నుంచి, పొరుగు రాష్ట్రాల దళారుల నుంచి గుర్రం కొనేవారు గ్లాండర్స్ పరీక్ష పత్రం చూడనిదే డబ్బు చేతికి ఇవ్వకండి.

సర్రా: మన ప్రాంతంలో ఎక్కువగా భయపడవలసినది

సర్రా గురించి ఎక్కువ రాస్తున్నాను, ఎందుకంటే ఇది మన వాన లెక్కతో ముడిపడిన రోగం. రక్తంలో ఈదులాడే ట్రిపనోసోమా ఇవాన్సి అనే సూక్ష్మ పరాన్నజీవి దీనికి కారణం. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే పశువైద్యుడు అప్పటి పంజాబులోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో దీన్ని కనుగొన్నాడు. రోగం కలిగించే ట్రిపనోసోమాల్లో లోకానికి మొదట తెలిసినది ఇదే.

దీన్ని మోసేది జోరీగ. జోరీగ కుట్టినప్పుడు నొప్పి ఎక్కువ కాబట్టి పశువు తోకతో కొడుతుంది, ఈగ రక్తం సగం తాగి లేచి పక్క పశువు మీద వాలుతుంది. దాని మూతికి అంటిన తడి రక్తమే రోగాన్ని చేరవేస్తుంది. అది నిమిషాల్లో జరిగే పని. నెల్లూరు వైపు వాన ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడుతుంది. చెరువులు, కాలువ గట్లు తడిసి జోరీగలు పెరిగేది అప్పుడే. ఆ వెంటనే పెళ్లి ముహూర్తాలు మొదలై గుర్రాలు ఊరూరా తిరుగుతాయి. మా చుక్కకు కార్తీకంలో రావడం కాకతాళీయం కాదని నాకు తరువాత అర్థమైంది.

ఇంకో సంగతి అర్థం కావడానికి మరింత కాలం పట్టింది. గేదెలు, ఆవులు ఈ పరాన్నజీవిని రక్తంలో మోస్తూ కూడా చాలాసార్లు పైకి ఏ లక్షణమూ చూపవు. పాలు కాస్త తగ్గుతాయంతే. మా చుక్కను గేదెల పాకలో, మూడడుగుల దూరంలో కట్టేవాళ్లం. ఒక్క జోరీగ చాలు.

గుర్తులు ఇవి. జ్వరం వస్తుంది, రెండు మూడు రోజులకు పోతుంది, మళ్లీ వస్తుంది. మేత తింటున్నా గుర్రం చిక్కిపోతుంది. చిగుళ్లు పాలిపోతాయి, కనురెప్ప లోపల సూది మొనంత ఎర్రచుక్కలు కనిపించవచ్చు. పొట్ట కింద, కాళ్లలో నీరు దిగుతుంది. ముదిరితే నడుము కింద భాగం తూలుతుంది. వైద్యం లేకపోతే గుర్రం చనిపోతుంది.

పరీక్ష చేయించడం ఇలా. జ్వరం ఎక్కువగా ఉన్న పూటే రక్తం తీయించండి. జ్వరం దిగినప్పుడు పరాన్నజీవులు రక్తంలో చాలా తక్కువగా ఉంటాయి, గాజు పలక మీద పూసి చూసినా కనబడకపోవచ్చు. అందుకే ఒక్కసారి ఏమీ లేదని వస్తే ఊరట పడకండి, మళ్లీ జ్వరం వచ్చినప్పుడు మళ్లీ చేయించండి. రక్తం గడ్డకట్టని మందున్న ఊదారంగు మూత గొట్టం ఒకటి, గడ్డకట్టి సీరం వేరయ్యే ఎర్రమూత గొట్టం ఒకటి తీసుకోమని డాక్టరును అడగండి. గొట్టాల మీద గుర్రం పేరు, తేదీ, అప్పటి జ్వరం రాయండి. ఐసుముక్కల మధ్య గుడ్డలో చుట్టి పంపండి, కానీ గడ్డకట్టనీయవద్దు. రక్తం మంచులా గట్టిపడితే కణాలు పగిలి పరీక్షకు పనికిరాదు.

మందు విషయంలో ఎద్దు లెక్క ప్రమాదం తెచ్చేది ఇక్కడే. పశువుల రక్తరోగాలకు మన వైపు వాడే డైమినజీన్ పసుపుపచ్చ పొడి గుర్రానికి సరిపడదు. రోగాన్ని తగ్గించే మోతాదుకూ విషమయ్యే మోతాదుకూ మధ్య తేడా గుర్రంలో చాలా తక్కువ. గుర్రాల సర్రాకు సాధారణంగా వాడేది క్వినాపైరమిన్. దాన్ని కూడా డాక్టరే, బరువు కట్టి, గుర్రాన్ని గమనిస్తూ చర్మం కింద ఇవ్వాలి. ఇచ్చిన చోట వాపు, కొన్ని గుర్రాల్లో చెమట, వణుకు కనిపించవచ్చు. ఆ గంట సేపు డాక్టరును ఉండమని అడగడానికి మొహమాటపడకండి.

జోరీగల విషయంలో మన అలవాటు ఒకటి మారాలి. సాయంత్రం వేపాకు పొగ వేస్తాం. అది దోమలకు. జోరీగ పగటి ఈగ, ఎండ కాసేటప్పుడే కుడుతుంది, చీకటి కొట్టంలోకి రావడానికి జంకుతుంది. వానల తరువాతి నెలల్లో పది గంటల నుంచి నాలుగు గంటల దాకా గుర్రాన్ని నీడ చిక్కగా ఉన్న కొట్టంలో కట్టి, గుమ్మానికి సన్నని వల వేయండి. మేపడానికి తెల్లవారుజామున, పొద్దువాలాక తీసుకెళ్లండి. గేదెల పాకకూ గుర్రం కొట్టానికీ మధ్య స్థలం ఉన్నంత దూరం పెట్టండి.

ఇది మనుషులకు రాదని అనుకునేవారు. 2004లో మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాలో ఒక రైతుకు వచ్చింది. ఈ పరాన్నజీవిని చంపే ప్రొటీను అతని రక్తంలో లోపించిందని తరువాతి పరిశోధనలో తేలింది. మిగతావారికి ఆ రక్షణ ఉంటుంది. అయినా చేతికి గాయం ఉంటే గుర్రం రక్తం తగలనీయకండి.

పిడుదులు

థైలేరియా ఈక్వి, బబేసియా కబల్లి అనే పరాన్నజీవులను పిడుదులు మోస్తాయి. ఇవి ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. కాబట్టి జ్వరంతో పాటు చిగుళ్లు పాలిపోవడమో పసుపెక్కడమో, మూత్రం కాఫీ రంగుకు తిరగడమో కనిపిస్తుంది. థైలేరియా ఒకసారి సోకితే గుర్రం బాగైనా సాధారణంగా బతికినంత కాలం రక్తంలో మిగిలే ఉంటుంది. బాగా అలసినప్పుడు తిరగబెట్టవచ్చు. అలాంటి గుర్రాన్ని వేసవిలో వరుస ఊరేగింపులకు తిప్పకండి.

రోజూ చెవుల లోపల, జూలు కింద, తొడల మధ్య, తోక మొదట్లో చేతితో తడమండి. పిడుదును చిమటాతో చర్మానికి దగ్గరగా పట్టి నిటారుగా లాగి, సబ్బునీళ్లలో వేయండి. పశువుల మీద చల్లే పిడుదుల మందుల్లో అమిట్రాజ్ ఉన్నది గుర్రానికి అసలు వాడవద్దు. పేగు కదలిక నిలిచి, మేత గట్టిపడి, కడుపునొప్పితో చనిపోయే ప్రమాదం ఉంది. డబ్బా మీది చిన్న అక్షరాలు చదివించుకుని మరీ కొనండి.

లద్దె చెప్పే సంగతి

మూడు నెలలకోసారి నట్టల మందు పోసేయడం చాలా ఇళ్లలో ఆనవాయితీ. గుర్రాల విషయంలో ఇది ఆపవలసిన అలవాటు. కొట్టంలో ఉన్న గుర్రాలన్నీ సమానంగా పురుగు గుడ్లు విడవవు. దాదాపు ఐదింట ఒక గుర్రమే మొత్తం గుడ్లలో అధిక భాగం నేల మీద పోస్తుంది. ఆ ఒక్కదాన్ని కనిపెట్టకుండా అన్నిటికీ పోస్తూ ఉంటే మందుకు లొంగని పురుగులను మనమే పెంచినట్టవుతుంది. ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్ జాతి మందులకు గుర్రాల్లోని చిన్న స్ట్రాంగైలు పురుగులు ప్రపంచంలో చాలా చోట్ల ఇప్పటికే లొంగడం లేదు.

కాబట్టి ముందు లద్దె పరీక్ష. ఉదయం వేసిన తాజా లద్దెలో నేలకు తగలని పైభాగం నుంచి రెండు మూడు ఉండలు తీసుకోండి. ప్లాస్టిక్ సంచిని చేతికి తొడిగి, ఉండలను పట్టుకుని, సంచిని తిరగేస్తే అవి లోపలికి వస్తాయి. గాలి అంతా పిండేసి ముడి వేయండి. గాలి, వేడి తగిలితే గుడ్లు పొదిగి లెక్క తప్పుతుంది. చల్లని చోట ఉంచి, 24 గంటల లోపు పశువ్యాధి నిర్ధారణ ప్రయోగశాలకు అందించండి. “పురుగులు ఉన్నాయా లేదా” అని అడగవద్దు. “ఒక గ్రాముకు ఎన్ని గుడ్లు” అని అడగండి. పెద్ద గుర్రానికి 200 దాటితే సాధారణంగా మందు వేస్తారు. వేసిన 14 రోజులకు మళ్లీ లద్దె ఇవ్వండి. లెక్క పడిపోకపోతే ఆ మందు మీ కొట్టంలో పనిచేయడం లేదని అర్థం. డబ్బు ఖర్చు చేసేవారు చాలామంది ఈ రెండో పరీక్షనే వదిలేస్తారు. నా దృష్టిలో మొదటిదాని కంటే ఇదే ముఖ్యం.

పిల్లలకు ఈ లెక్క వర్తించదు. ఏడాది లోపు గుర్రపు పిల్లల్లో పారాస్కారిస్ అనే పొడవైన ఏలికపాము పేగును మూసేయగలదు, అది ఐవర్‌మెక్టిన్ అనే నట్టల మందుకు లొంగని చోట్లు చాలా ఉన్నాయి. వాటికి ఎప్పుడు, ఏ మందు అన్నది డాక్టరు విడిగా రాయాలి. పెద్ద గుర్రానికి ఐవర్‌మెక్టిన్ ఇవ్వమన్నా నోటి ద్వారా ఇచ్చేదే తీసుకోండి. ఆవులకు పొడిచే ఇంజెక్షన్ సీసాను గుర్రానికి వాడకండి. పొడిచిన చోట కండలో క్లాస్ట్రీడియా బాక్టీరియా పెరిగి కుళ్లు పట్టిన సందర్భాలున్నాయి.

మందు కంటే పార మేలు చేస్తుంది. మేపే చోట వారానికి రెండుసార్లు లద్దె ఎత్తేస్తే పిల్లపురుగులు గడ్డి ఎక్కేలోపే పోతాయి. ఎత్తిన లద్దెను పచ్చిగా గడ్డి మీద చల్లకుండా కుప్ప వేయండి, కుప్ప లోపలి వేడికే గుడ్లు చస్తాయి. వైశాఖం ఎండలకు ఎండిన బీడులో పిల్లపురుగులు ఎక్కువ కాలం బతకవు. వానాకాలపు గడ్డే అసలు ప్రమాదం. ముందు కాళ్ల వెంట్రుకలకు ఆవగింజ కంటే చిన్న పసుపు గుడ్లు అంటుకుని ఉంటే అవి బాటు ఈగవి. గుర్రం నాకితే కడుపులోకి పోయి జీర్ణాశయపు గోడకు వేలాడతాయి. మొద్దు కత్తితో గీకి తీసేయండి.

గేదెల గురించి ఇందాక చెప్పినదానికి ఇక్కడ ఒక సవరణ ఉంది. గుర్రం మేసిన బీడులో తరువాత గేదెలను మేపితే, గుర్రపు పురుగుల పిల్లలను అవి మింగి జీర్ణం చేసుకుంటాయి. గేదెలకు ఏమీ కాదు, గడ్డి శుభ్రపడుతుంది. కాబట్టి బీడు ఒకటే అయినా పరవాలేదు. ఒకే పూట కలిపి మాత్రం మేపవద్దు, ఒకే పాకలో కట్టవద్దు.

లాడం మేకు

ధనుర్వాతం పెంపుడు జంతువుల్లో గుర్రానికి వచ్చినంత తేలికగా మరి దేనికీ రాదు. ఆ బాక్టీరియా మట్టిలో, గుర్రపు లద్దెలోనే ఉంటుంది. లాడం మేకు డెక్క లోపలి మాంసానికి తగిలినా, సందులో పడిన తుప్పు మేకు దిగినా చాలు. టీకా చవక. మొదట నాలుగు వారాల తేడాతో రెండు, ఆపై ఏటా ఒకటి. తేదీని నోటుపుస్తకం అట్ట లోపల రాయండి. కంటి మూలన ఉండే మూడో రెప్ప ఉన్నట్టుండి కంటి మీదికి జారడం, చెవులు నిక్కపొడుచుకోవడం, తోక ఎత్తిపెట్టి కాళ్లు చెక్కబల్లలా చాచి నిలబడటం, చప్పుడుకు ఉలిక్కిపడి బిగుసుకుపోవడం కనిపిస్తే గుర్రాన్ని చీకటి గదిలో నిశ్శబ్దంగా ఉంచి డాక్టరును ఆ గంటలోనే పిలవండి.

కొత్త గుర్రం వచ్చినప్పుడు

నెల రోజులు విడిగా కట్టండి. రోజూ జ్వరం రాయండి, మొదటి వారంలో లద్దె, రక్తం పరీక్షలకు ఇవ్వండి. పెళ్లి దగ్గర మరో గుర్రం యజమాని “అన్నా, ఒక్కసారి మీ బకెట్టు ఇవ్వు” అంటే మర్యాదగా వేరే పాత్ర చూపించండి. నీళ్ల బకెట్టు, కళ్లెం రోడ్డు మీద అప్పు ఇవ్వకండి. ఏ గుర్రమైనా హఠాత్తుగా చనిపోయి ముక్కు నుంచి, మలద్వారం నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారితే అది దొమ్మ (ఆంత్రాక్స్) కావచ్చు. కోయకండి, చర్మం తీయకండి, పెన్నలోకి ఈడ్చకండి. డాక్టరు చూసేదాకా టార్పాలిన్ కప్పి, కుక్కలను కాయండి.

మా చుక్కకు మందు పడిన మూడో రోజు జ్వరం దిగింది. పొట్ట కింద నీరు తగ్గడానికి ఐదు వారాలు పట్టింది. సర్రా పరాన్నజీవి మందు చేరని చోట, ముఖ్యంగా మెదడులో, దాక్కుని నెలల తరువాత తిరగబెట్టగలదని డాక్టరు చెప్పారు. అందుకని ఆరు నెలల పాటు రోజూ, ఆ తరువాత వారానికి రెండుసార్లు కొలిచాను. ఈ ఉదయం 99.6. ఉలవల బుట్ట అడుగు దాకా నాకేసింది.